కల్పిత భాషకు వ్యాకరణం ఎలా కూర్చుకోవాలి

నవల కోసమో, నాటకం కోసమో, కేవలం సరదా కోసమో కొత్త భాషను కల్పించాలనుకునేవారు సాధారణంగా మాటలతో మొదలుపెడతారు. నీటికి ఒక మాట, నిప్పుకు ఒక మాట, అమ్మకు ఒక మాట అంటూ నోటుపుస్తకం నింపుకుంటూ పోతారు. కొన్ని వందల మాటలు పోగయ్యాక వాటితో వాక్యం రాయబోతే క్రియ చివరికి వస్తుంది, విభక్తి నామం వెనక చేరుతుంది, ఆడవారికి ఒక క్రియారూపం, మగవారికి ఇంకొక క్రియారూపం అడగకుండానే వచ్చి కూర్చుంటాయి. అప్పుడు తయారయ్యేది కొత్త భాష కాదు, మాటలు మార్చిన తెలుగు. ఈ వ్యాసం వ్యాకరణాన్ని ముందుగా నిర్ణయించుకుని, మాటలను ఆ తర్వాత అందులో పోసే పద్ధతిని వివరిస్తుంది.

ఉదాహరణలను ఎక్కువగా మా ఒడిశా సరిహద్దు జిల్లాలైన రాయగడ, గజపతి, కొరాపుట్‌ల నుంచి తీసుకున్నాను. సొంత ఊరి మీది అభిమానం ఒక్కటే దీనికి కారణం కాదు. గుణుపురం చుట్టుపక్కల వారపు సంతల్లో తిరిగేవారికి ద్రావిడ భాషలైన తెలుగు, కుయి, కువి, ఇండో-ఆర్య భాషలైన ఒడియా, దేశియా, ముండా శాఖకు చెందిన సవర చెవిన పడుతూనే ఉంటాయి. మూడు వేర్వేరు కుటుంబాల వ్యాకరణాలను పక్కపక్కన పెట్టి చూసే అవకాశం భాషలు కల్పించేవారికి పుస్తకాలకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

మొదట ప్రయోజనం తేల్చుకోండి

దీనికి ఒక పుట చాలు. మీ భాష ఎవరి కోసం, దానితో ఏం చేయాలి అన్నది రాసుకోండి. తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన కిలికిని మదన్ కార్కి 2015 నాటి బాహుబలి చిత్రం కోసం రూపొందించారు. తెర మీద పాత్రల నోట అది భయం పుట్టించాలి, వినగానే గుర్తుండాలి. సోనియా లాంగ్ 2001లో వెలువరించిన టోకీ పోనా నూట ఇరవై దాకా మాటలతోనే ఎంతవరకు ఆలోచించవచ్చో పరీక్షించడానికి పుట్టింది. ఎస్పెరాంతో ఉద్దేశం ఎవరైనా తేలికగా నేర్చుకోవడం. ఈ మూడింటికీ ఒకే కొలత పనికిరాదు. సినిమా భాషకు లేని నియమం లోటు కాదు; నిత్యవ్యవహారానికి ఉద్దేశించిన భాషకు అదే పెద్ద లోటు అవుతుంది.

తప్పనిసరిగా చెప్పవలసినవేమిటో నిర్ణయించండి

నా అభిప్రాయంలో వ్యాకరణ రచనలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. ఏ భాషలోనైనా ఏ విషయాన్నైనా ఎలాగోలా చెప్పవచ్చు. భాషల మధ్య అసలు తేడా, మాట్లాడేవాడు వద్దనుకున్నా చెప్పక తప్పనివి ఏమిటన్న దగ్గర వస్తుంది.

ఒక చిన్న వాక్యం తీసుకోండి. ఒకరు వెళ్లారని ఒడియాలో చెప్పాలంటే "సే గలా" అంటే సరిపోతుంది. వెళ్లింది స్త్రీయో పురుషుడో ఆ వాక్యం చెప్పదు, చెప్పమని ఎవరూ అడగరు. తెలుగులో వెళ్లాడో వెళ్లిందో తేల్చకుండా ఏకవచనంలో నోరు మెదపలేము. మన సంప్రదాయ వ్యాకరణం ప్రకారం స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతోనూ (పశుపక్ష్యాదులు, వస్తువులు), బహువచనంలో మహత్తులతోనూ (పురుషవాచకాలు) చేరతాయి. అందుకే ఆమె వెళ్లింది, ఆవు వెళ్లింది, కాని ఆడవాళ్లు వెళ్లారు, ఆవులు వెళ్లాయి. మనకు సోదరభాషలైన కుయి, కువిలలో బహువచనంలో కూడా స్త్రీలు అమహత్తుల వైపే ఉండిపోతారు. ఒకే కుటుంబంలో పుట్టిన భాషలే గీతను వేర్వేరు చోట్ల గీశాయన్నమాట. అందువల్ల మీ భాషలో లింగభేదం ఉంచాలా వద్దా అన్న ప్రశ్న సరిపోదు; నామాలను విభజించదలచుకుంటే గీత ఎక్కడ గీయాలి, ఆ గీత ఏకవచనంలో ఒకచోట, బహువచనంలో ఇంకొకచోట ఉండవచ్చా అని కూడా ప్రశ్నించుకోవాలి.

ఇలాంటి అంశాలను ఒక పట్టికగా రాసుకోండి: లింగం, వచనం, కాలం, గౌరవం, మనం-మేము భేదం, నిర్దిష్టత, సమాచారం ఎలా తెలిసిందన్నది. ప్రతిదాని ఎదుట తప్పనిసరి, ఐచ్ఛికం, లేదు అనే మూడింటిలో ఒకటి రాయండి. తెలుగులో మనం-మేము భేదం తప్పనిసరి. పిల్లవాణ్ణి ఒడియాలో "పిలాటి" అన్నప్పుడు చివరి "టి" ఫలానా పిల్లవాడన్న నిర్దిష్టతను తెస్తుంది. ఆ పని చేసే ప్రత్యయం తెలుగులో లేదు. విన్న విషయానికి మనం "వచ్చాడట" అని చివర ఒక "అట" చేర్చుకుంటాం, చేర్చకపోయినా వ్యాకరణం ఒప్పుకుంటుంది. తుర్కీ వంటి కొన్ని భాషల్లో చూసినదానికీ విన్నదానికీ క్రియారూపమే మారుతుంది. తప్పనిసరి గళ్లు రెండు మూడుకు మించకుండా చూసుకోండి. అన్నీ తప్పనిసరి అయిన భాషలో సంభాషణ రాయడం మీకే విసుగు పుట్టిస్తుంది.

ఈ వ్యాసం కోసం ఒక నమూనా భాష కడదాం. అందులో లింగం లేదు, వచనం ఐచ్ఛికం. నామాలు చలాలు (కదిలేవి), అచలాలు (కదలనివి) అని రెండు తరగతులు. సమాచారం ఎలా తెలిసిందన్నది ప్రతి క్రియలోనూ తప్పనిసరి.

పదాల వరుస, దాని వెంట వచ్చేవి

తెలుగు, ఒడియా, కుయి, సవర నాలుగింటిలోనూ క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. ప్రపంచ భాషల్లో ఎక్కువ శాతం కర్త-కర్మ-క్రియ వరుసను, ఆ తర్వాత ఎక్కువ శాతం కర్త-క్రియ-కర్మ వరుసను పాటిస్తాయి. స్టార్ ట్రెక్ చిత్రాల్లోని గ్రహాంతరవాసుల కోసం కల్పించిన క్లింగాన్‌కు మార్క్ ఓక్రాండ్ కర్మ-క్రియ-కర్త వరుసను ఎంచుకోవడానికి కారణం అది మానవ భాషల్లో అతి అరుదు కావడమే. గ్రహాంతరవాసుల నోట పరాయితనం వినిపించాలని ఆయన ఉద్దేశం.

వరుసను ఎంచుకోవడంతో పని అయిపోదు. క్రియ చివర ఉండే భాషల్లో "లో", "మీద" వంటివి నామం తర్వాత రావడం సర్వసాధారణం. క్రియతో మొదలయ్యే భాషల్లో అవి నామానికి ముందు వస్తాయని జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో అనేక భాషలను పోల్చి చూపించారు. ఇలాంటి సంబంధాలను ఎక్కడైనా కావాలని తెంచవచ్చు, తెలియక తెంచితే మాత్రం భాష అతుకులుగా కనిపిస్తుంది. మన నమూనాలో క్రియను మొదట పెడదాం. ధాతువు "లిద" అంటే పట్టుకొను, "మోవ" అంటే మనిషి, "కెషు" అంటే చేప, "గిల" అంటే నది, నామానికి ముందు వచ్చే "తి" అంటే లోపల.

ఎవరు ఎవరిని అన్నది తేలాలి

క్రియ మొదట వచ్చి, దాని వెనక రెండు నామాలు నిలిస్తే పట్టుకున్నదెవరో పట్టుబడినదెవరో ఎలా తెలుస్తుంది? వరుసకు వదిలేయవచ్చు, ప్రత్యయం పెట్టవచ్చు, క్రియలోనే గుర్తు ఉంచవచ్చు. కుయి, కువిలలో పని ఫలం నాకో నీకో తగిలితే క్రియాధాతువుకు ఒక ప్రత్యేక గుర్తు చేరుతుంది, మూడో మనిషికి తగిలితే చేరదు. సవరలో ఇంకా విడ్డూరమైన ఏర్పాటు ఉంది: నామానికి ఒక పొట్టి రూపం ఉండి అది క్రియలోపలికే చేరిపోతుంది, దానితో పులి నిన్ను పట్టుకుంటుందన్న మాటంతా ఒకే క్రియాపదంగా పలకవచ్చు.

ఒడియాలో "రామకు" అన్నది రాముణ్ణి చూసినప్పుడూ వస్తుంది, రాముడికి ఇచ్చినప్పుడూ వస్తుంది. తెలుగులో ఆ రెండు పనులకు "ని", "కి" అని వేర్వేరు ప్రత్యయాలు. పైగా తెలుగులో పుస్తకం చదివాను అంటే చాలు, పుస్తకాన్ని అననక్కర్లేదు. అబ్బాయిని పిలిచాను అన్నచోట మాత్రం "ని" తీసేయలేము. ప్రాణం గల కర్మకే గుర్తు పెట్టే ఈ పద్ధతి మన నమూనాకు సరిపోతుంది, ఎందుకంటే తరగతులు ఇదివరకే ఏర్పరచుకున్నాం. చలమైన కర్మకు ముందు "హా" అని చేరుద్దాం.

ఇక్కడే నియమం కథ చెప్పడం మొదలుపెడుతుంది. నీటిలో ఈదుతున్న చేప చలం, దానికి "హా" వస్తుంది. సంతలో బుట్టలో పడున్న చేప అచలం, దానికి రాదు. వానాకాలంలో పారుతున్న వంశధార చలం, వేసవిలో ఇసుక తేలిన పాయ అచలం. మాట మారకుండా తరగతి మారితే అర్థం మారుతుంది. మంచి వ్యాకరణ నియమాన్ని గుర్తించే పద్ధతి నా మటుకు ఇదే: మీరు ఉద్దేశించని వాక్యాలకు కూడా అది అర్థం చెప్పగలగాలి.

సరిహద్దులో ఉండేవారికి ఈ అడుగులో ఒక ప్రత్యేక హెచ్చరిక అవసరం. తెలుగులో "నాకు ఆకలి వేస్తోంది" అంటాం. ఒడియాలో "మోతె భొక లాగుచి" అంటారు. రెండింటిలోనూ ఆకలిగొన్నవాడు కర్త స్థానంలో లేడు. వేరు వేరు కుటుంబాల భాషలు రెండూ ఒకే మాదిరి చెబుతున్నాయి కాబట్టి ఇది మానవసహజమని అనుకోవడం తేలిక. శతాబ్దాల ఇరుగుపొరుగు వల్ల భారతీయ భాషలు కుటుంబాలతో నిమిత్తం లేకుండా ఒకదానికొకటి దగ్గరయ్యాయని భాషాశాస్త్రవేత్త ఎమెనో 1956లోనే ప్రతిపాదించారు. తిని వెళ్లాడు అన్న మన నిర్మాణానికి ఒడియాలో "ఖాఇ గలా" సరిగ్గా జోడీ. కనుక మీ భాష తెలుగుకు దూరంగా ఉందో లేదో చూసుకోవడానికి ఒడియా తెలిసిన స్నేహితుణ్ణి అడిగితే చాలదు. ఇంగ్లీషుతోనో, అరబ్బీతోనో కూడా పోల్చి చూడండి.

ఎస్పెరాంతో సృష్టికర్త జామెన్‌హాఫ్ విషయంలోనూ జరిగింది ఇదే. ఆయన పుట్టి పెరిగిన బ్యాలిస్టోక్ పోలిష్, యిడ్డిష్, రష్యన్, జర్మన్ మాట్లాడేవారు కలిసి బతికిన ఊరు. 1887లో ఆయన ప్రకటించిన వ్యాకరణానికి పదహారు నియమాలే, అయినా అందులో కర్మకు "న్" ప్రత్యయం, విశేషణం నామంతో పాటు వచనం మార్చుకోవడం తప్పనిసరిగా ఉండిపోయాయి. చుట్టూ ఉన్న భాషల్లో అలాంటివి మామూలే. 1907లో వచ్చిన ఈదో అనే సంస్కరణ విశేషణానికి ఆ బాధ్యత తీసేసింది, కర్మ ప్రత్యయాన్ని అవసరమైనచోటికే పరిమితం చేసింది.

క్రియ, కాలం, వ్యతిరేకం, ప్రశ్న

నమూనా భాషలో క్రియకు మూడు ప్రత్యయాలు పెడదాం: కళ్లారా చూసినదానికి "నె", విన్నదానికి "షు", ఊహించినదానికి "ల".

లిదనె మోవ హా కెషు తి గిల: మనిషి నదిలో చేపను పట్టాడు, నేను చూశాను.
లిదషు మోవ హా కెషు తి గిల: మనిషి నదిలో చేపను పట్టాడట.

ఇప్పుడు రేపటి మాట ఎలా చెప్పాలి? రేపు జరగబోయేదాన్ని ఎవరూ చూడలేదు, ఎవరి నోటా వినలేదు. ఊహా ప్రత్యయమే భవిష్యత్తుకూ పనికొస్తుంది: లిదల మోవ అంటే మనిషి పట్టుకుంటాడు. కాలానికి విడిగా ఏ ప్రత్యయమూ కల్పించకుండానే కొంత కాలభేదం దొరికింది. నిన్నటిని ఊహించవలసి వస్తే "నిన్న" అన్న మాట చేర్చుకుంటే సరిపోతుంది. కొత్త ప్రత్యయం పుట్టించే ముందు ఉన్న ప్రత్యయంతో పని జరుగుతుందేమో ఎప్పుడూ చూడండి.

ప్రశ్నలో ఆ సాక్ష్యం ఎవరిది? "లిదనె మోవ?" అంటే నువ్వు చూస్తుండగా పట్టాడా అని. అడిగేవాడికి తెలియదు కాబట్టి సాక్ష్యం వినేవాడి వైపు తిరుగుతుంది. ఇలాంటి ప్రత్యయాలున్న నిజమైన భాషల్లో కూడా చాలాచోట్ల ఇదే జరుగుతుంది.

వ్యతిరేకాన్ని తేలిగ్గా తీసుకోకండి. తెలుగులో "రాను", "రాడు" అన్నచోట వ్యతిరేకం క్రియలోనే కరిగిపోతుంది; "రాలేదు" అన్నచోట పురుష భేదమే కనిపించదు. ఒడియాలో సాధారణ భూత, భవిష్యత్ కాలాల్లో క్రియ చెక్కుచెదరకుండా దాని వెనక "నాహిఁ" చేరుతుంది. నమూనాలో క్రియకు ముందు "ఒ" పెట్టి "ఒ లిదనె" అంటే, నేను చూస్తూనే ఉన్నాను, పట్టలేదు అని అర్థం. నేను చూడలేదు, పట్టాడో లేదో అన్నది దీనికి పూర్తిగా వేరైన మాట. వ్యతిరేకం పనికి చెందుతుందా, సాక్ష్యానికి చెందుతుందా అన్నది నియమంగా రాసిపెట్టుకోకపోతే పదో వాక్యం దగ్గర మీరే తికమకపడతారు.

వాక్యంలో వాక్యం

"చంపిన పులి" అన్న తెలుగు మాటను చూడండి. అది మనిషిని చంపిన పులా, మనిషి చంపిన పులా? సందర్భమే చెప్పాలి. మీ భాష ఈ సందిగ్ధాన్ని ఉంచుకుంటుందా, తీసేస్తుందా అన్నది మీ నిర్ణయం. క్రియ మొదట వచ్చే భాషల్లో ఇలాంటి ఉపవాక్యం నామం తర్వాత రావడం సహజం. "యె" అన్న కలుపుమాటతో "మోవ యె లిదనె హా కెషు" అంటే చేపను పట్టిన మనిషి, "కెషు యె లిదనె మోవ" అంటే మనిషి పట్టిన చేప. రెండో దానిలో మోవకు ముందు "హా" లేదు కాబట్టి మనిషే కర్త అని తేలిపోతుంది. ఇంతకుముందు పెట్టుకున్న చల-అచల నియమం ఇక్కడ అదనపు ఖర్చు లేకుండా పనిచేసింది.

అలాగే ఒకరి మాటను ఉటంకించడం, కారణం, షరతు అనే మూడింటికి మీ భాషలో ఏముందో చూసుకోండి. తెలుగులో "అని" ఒక్కటే ఎన్నో పనులు చేస్తుంది కాబట్టి దాన్ని చూడకుండానే దిగుమతి చేసుకునే ప్రమాదం ఉంది.

అరుగుదల చూపించండి

కల్పిత భాష మరీ చదునుగా ఉంటే కాగితపు వాసన వేస్తుంది. నిజమైన భాషలో తరచుగా వాడే రూపాలు అరిగిపోతాయి: వెళ్తూ ఉన్నాను కాస్తా వెళ్తున్నాను అయింది, మా వైపు, శ్రీకాకుళం వైపు ఎల్తన్నాను అయింది. మీ ప్రత్యయాలకు కూడా పూర్వరూపాలు కల్పించండి. మన "నె" ఒకప్పుడు "నేమ", అంటే చూచు అన్న పూర్తి క్రియ అనుకుందాం. "తి" ఒకప్పుడు "తిహు", అంటే కడుపు. శరీరభాగాల పేర్లు కాలక్రమంలో లోపల, ముందు, వెనక వంటి అర్థాలకు రావడం అనేక భాషల్లో జరిగింది. ఆ తర్వాత అతి తరచుగా వాడే ఐదారు క్రియల్ని మాత్రమే అరగదీయండి. వచ్చు అనే అర్థం గల "సోద" నుంచి రావలసిన "సోదనె" వాడుకలో "సోన్నె" కావచ్చు. మినహాయింపులన్నీ అరుదైన మాటల్లో పెడితే అసహజం. రోజూ నోట్లో నానే మాటల్లోనే అవి నిలుస్తాయి.

సంఖ్యలు, సంబోధన

ఈ రెండింటి మీద ఎక్కువ సమయం వెచ్చించనక్కర్లేదు, అయితే పదుల లెక్క ఒక్కటే దారి కాదని గుర్తుంచుకోండి. సవరలో పదమూడును పన్నెండూ ఒకటిగా చెబుతారు, ఇరవై నుంచి ఇరవైల లెక్క మొదలవుతుంది. ముప్పై మూడు అంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. సంబోధనలో తెలుగుకు నువ్వు, మీరు అనే రెండు మెట్లు, ఒడియాకు తు, తుమె, ఆపణ అనే మూడు మెట్లు ఉన్నాయి. మీ కల్పిత సమాజంలో పెద్దరికం దేనితో వస్తుందో తేల్చకుండా మెట్లు కట్టకండి.

ఇరుగుపొరుగు భాషల నుంచి నిర్మాణాలను తీసుకోవడంలో తప్పు లేదు, వ్యాకరణ పద్ధతి ఎవరి సొత్తూ కాదు. సవర మాటలనో కువి మాటలనో కాస్త మార్చి, కథలో అనాగరికులుగా చూపించే పాత్రల నోట పెట్టడం మాత్రం వేరు సంగతి. సంతలో మన పక్కన నిలబడే మనుషుల భాష అది. ఆ పని చేయవద్దనే నా సలహా.

పరీక్ష, పుస్తకం, లిపి

ప్రతి ఉదాహరణనూ మూడు వరుసల్లో రాయండి: పైన మీ భాష, మధ్యలో ముక్కముక్కకూ అర్థం, కింద తెలుగు. "పట్టు-చూశాను మనిషి హా చేప లోపల నది" అన్న మధ్య వరుస చదివితే తెలుగు వాక్యంలా వినబడకూడదు. వినబడితే ఎక్కడో పాత అలవాటు దూరిందని అర్థం. తర్వాత సంతలో బేరమాడే ఇరవై మాటల సంభాషణ ఒకటి రాయండి. వర్ణనలో బయటపడని లోపాలు బేరంలో బయటపడతాయి, ఎందుకంటే అక్కడ ప్రశ్న, వ్యతిరేకం, సంఖ్య, షరతు, మర్యాద అన్నీ ఒకేసారి కావాలి. ఇరుక్కున్న ప్రతిచోటా కొత్త నియమం రాసి, దాని పక్కన తేదీ వేయండి. పాత నియమాన్ని చెరిపేయకుండా ఒక గీతతో కొట్టేయండి.

చాలామంది మొదట చేసే పని, అంటే లిపిని చిత్రించడం, చివరికి ఉంచండి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకుని, మొదట ఆ భాషను తెలుగు లిపిలోనే రాసి పుస్తకాలు తయారుచేశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడ్డాయి. సవరకు సొంత లిపి అయిన సొరాంగ్ సొంపెంగ్‌ను మంగేయి గొమాంగో 1936లో రూపొందించారు. లిపి ఎప్పుడు పుట్టినా భాష అంతకుముందే నిండుగా ఉంది. మీరూ వ్యాకరణమంతా తెలుగు లిపిలోనే రాసుకోండి. తెలుగులో లేని ధ్వని ఏదైనా ఉంటే దానికి ఒకే గుర్తు ఎంచుకోండి. ఉదాహరణకు సవరలో ఉన్నట్లు గొంతులో గాలి ఆగి తెగే ధ్వని కావాలంటే విసర్గ గుర్తును వాడుకోవచ్చు. ఆ ఒప్పందాన్ని పుస్తకం మొదటి పుటలోనే రాసిపెట్టండి. లేకపోతే అచ్చుకు వెళ్లినప్పుడు కూర్పు చేసేవారు ఆ విసర్గలన్నిటినీ అచ్చుతప్పులనుకుని తీసేస్తారు.